ఆట కొన్నావు సరే, దస్తావేజు ఏది?

మొన్న వేసవిలో ఒక ఆదివారం లాప్‌టాప్ ఫార్మాట్ చేసి, పాత ఆటలు మళ్ళీ ఎక్కిద్దామని కూర్చున్నాను. 2017లో ఒక ఆన్‌లైన్ దుకాణంలో 1,200 రూపాయలు పెట్టి క్రికెట్ ఆట ఒకటి కొన్నాను. నా ఖాతాలో దాని పేరు ఉంది, బొమ్మ ఉంది, కొన్న తేదీ కూడా ఉంది. డౌన్‌లోడ్ బటన్ మాత్రం బూడిదరంగులో పడి ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వాళ్ళ సహాయ విభాగానికి రాస్తే రెండు రోజులకు జవాబొచ్చింది. లైసెన్సు కారణాల వల్ల ఆ ఆట ఇక దొరకదట, నా ఆదరణకు ధన్యవాదాలట.

ఆదరణ నాది, ధన్యవాదాలు వాళ్ళవి, ఆట ఎవరిదో మరి.

ఆ జవాబు చదువుకుని నాలో నేను తిట్టుకుంటుంటే వరండాలో పేపరు చూస్తున్న నాన్న ఏమైందని అడిగాడు. చెప్పాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "కొన్నానంటున్నావు, దస్తావేజు ఏదిరా?" అన్నాడు.

నవ్వొచ్చింది. మా నాన్న గుంటూరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక బల్ల, ఒక కుర్చీ వేసుకుని ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజులు రాసిన మనిషి. ఇప్పుడు నాతోపాటు విజయవాడలో ఉంటున్నాడు. లోకంలో ఏ గొడవ చెప్పినా ఆయన మొదటి ప్రశ్న కాగితం గురించే. ఎవరింట్లోనో పెళ్ళి చెడిందన్నా "రాసుకున్నదేమైనా ఉందా" అంటాడు. ఈసారి మాత్రం నా దగ్గర కాగితం ఉంది. ఆ దుకాణంలో ఖాతా తెరిచిన రోజు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన ఒప్పందం. వెతికి తెరిచి, ఒక్కో పేరా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కాఫీ తాగడం అయిపోయింది, ఒప్పందం అవలేదు.

మధ్యలో ఒక వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపాడు. ఇందులో ఏదీ నీకు అమ్మలేదు, నీ సొంత వాడకానికి మాత్రమే, ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేని, మేము ఎప్పుడైనా రద్దు చేయగల అనుమతి ఇస్తున్నాం అని దాని సారాంశం.

"ఎప్పుడైనా అంటే ఏ తేదీ?"

"తేదీ లేదు నాన్నా."

"తేదీ లేకుండా ఎలా సంతకం పెట్టావురా?"

సంతకం పెట్టలేదు, నొక్కాను అని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆయన రాసిన క్రయ దస్తావేజుల్లో చివరి పేరా నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. బడి అయ్యాక ఆ బల్ల కిందే హోంవర్కు చేసుకునేవాణ్ణి కదా. "ఈ దినం మొదలు సదరు ఆస్తిని మీరు పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వ హక్కులతో, మీ ఇష్టానుసారం సుఖంగా అనుభవించుకోవలసినది. ఇకమీదట సదరు ఆస్తిపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కూ లేదు." అమ్మేవాడు తన చేత్తో తన హక్కును కోసేసుకునే వాక్యం అది. ఆ ముక్క లేకపోతే అది అమ్మకమే కాదంటాడు నాన్న. నేను నొక్కిన ఒప్పందం దీన్ని తిరగేసి రాసినట్టుంది. ఇష్టం వాళ్ళది, హక్కులు వాళ్ళవి, పుత్రపౌత్రుల ఊసే లేదు. స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కూడా ఖాతాను ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. చనిపోయాక వీలునామాలో రాసి ఇవ్వొచ్చా అని 2024లో ఒకాయన అడిగితే, కుదరదని వాళ్ళు చెప్పిన జవాబు అప్పట్లో వార్తల్లోకెక్కింది.

"మరి ఇది కౌలా?" అన్నాను, ఆయన్ను కాస్త కవ్విద్దామని.

"కౌలుకైనా గడువుంటుందిరా. ఇది లైసెన్సు. పక్కింటాయన మన పెరట్లో మంచం వేసుకుని పడుకోవయ్యా అన్నట్టు. ఆయనకు కోపమొస్తే మంచం ఎత్తెయ్యాలి."

ఈ మాట ఆయన సరదాకి అనలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్‌లో లైసెన్సు అంటే అదే. ఆస్తిలో ఎలాంటి హక్కూ రాదు, ఒక పని చేసుకోవడానికి అనుమతి మాత్రం వస్తుంది, అంతే. కంపెనీల లాయర్లు ఆ మాటను ఊరికే ఎంచుకోలేదు. అయితే నాన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆయన మాట మీద నమ్మకం లేక కాదు గానీ, ఆ రాత్రి నేనే వెతికి చదివాను. అదే చట్టంలో 64వ సెక్షన్ ఉంది. డబ్బు పుచ్చుకుని లైసెన్సు ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడి తప్పేమీ లేకుండా, పూర్తిగా అనుభవించకముందే వెళ్ళగొడితే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. అది నేలకు సంబంధించిన చట్టం, ఆటలకు వర్తిస్తుందని నేను అనను. కానీ ఎడ్లబండ్ల కాలంలో రాసినవాళ్ళకు, డబ్బిచ్చి మంచం వేసుకున్నవాడికి కూడా కొంత న్యాయం ఉండాలనిపించింది. నా 1,200 రూపాయలకు వచ్చింది ధన్యవాదాలు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేస్తాను. నాకు అద్దె మీద కోపం లేదు. నేనుండేది అద్దె ఇల్లే, 11 నెలల అగ్రిమెంటు. ఏడాదికి మించితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఊరంతా 11 నెలలే రాసుకుంటుంది. మన రాష్ట్రంలో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే కార్డు కూడా 11 నెలలదే. తేదీ తెలుసు, అద్దె తెలుసు, ఖాళీ చేయాల్సి వస్తే ముందే తెలుస్తుంది. నెలనెలా కట్టే ఓటీటీలో ఒక సినిమా మాయమైతే ఎవరూ గుండెలు బాదుకోరు. పదిహేనేళ్ళ కిందట కాలర్ ట్యూన్‌కి నెలనెలా డబ్బు కోసేవాళ్ళు, ఆపేస్తే పాట పోయేది, అది ఎవరికీ మోసం అనిపించలేదు. రామ్మోహన్ గ్రంథాలయంలో పుస్తకం తెచ్చుకుని, అది నాదే అని ఎవరూ అనుకోరు.

నా గొడవంతా ఆ బటన్ మీద రాసిన మాటతోనే. దాని మీద 'కొనండి' అని ఉంది.

ఈ సంగతి కాలిఫోర్నియా వాళ్ళకు కాస్త ముందే తట్టింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఆటలూ పుస్తకాలూ సినిమాలూ డిజిటల్‌గా అమ్మేవాళ్ళు 'కొనండి' అనే మాట వాడాలంటే, మీకిచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పి తీరాలి. ఆ చట్టం అమలులోకి రాకముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన కార్ట్ పేజీలో మీరు కొంటున్నది లైసెన్సు అని ఒక వాక్యం పెట్టింది. చిన్న అక్షరాల్లోనే అనుకోండి. అయినా ఇరవై ఏళ్ళుగా ఒప్పందం అడుగున దాగి ఉన్న మాట బయటికొచ్చింది. మన దగ్గర 2019 వినియోగదారుల చట్టం ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది, తప్పుదోవ పట్టించే ప్రకటనలను ఆపే అధికారమూ ఉంది. ఈ ఒక్క మాట మీద ఆ అధికారం వాడితే చాలు, కొత్త చట్టం కూడా అక్కర్లేదేమో అని నా అభిప్రాయం.

ఇంతవరకూ చదివి కొందరు అనేది నాకు తెలుసు: "హాయిగా డిస్కు కొనుక్కోవచ్చు కదా బాస్." నేనూ చాలాకాలం అదే అన్నాను. డిస్కు చేతిలో ఉంటే ఆట నాదే అని. రెండు సంఘటనలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. ఒకటి మా ఇంట్లోనే జరిగింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. అప్పుడు పాయకాపురంలో కింది వాటాలో ఉండేవాళ్ళం. అటు ప్రకాశం బ్యారేజీకి మర్నాటికల్లా 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు, అదివరకెన్నడూ చూడనంత వరద. మమ్మల్ని ముంచింది మాత్రం కృష్ణమ్మ కాదు, బుడమేరు. తెల్లారి లేచేసరికి మంచం కోళ్ళ దాకా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి కిటికీ ఎక్కాయి. నాన్ననూ అమ్మనూ పైవాటా వాళ్ళింటికి చేర్చి, చేతికందినవి అందుకున్నాం. అందనివి బీరువా అడుగు అర, టీవీ బల్ల, దాని కింద నా ఆటల డబ్బా.

నీళ్ళు తీశాక లోపలికి వెళ్తే చెప్పుకు అంగుళం మందాన బురద. ఆటల డబ్బా తెరిస్తే ఒక్కో కేసులోంచి బెల్లం పాకంలాంటి నీళ్ళు కారాయి. డిస్కుల్ని బకెట్లో ముంచి, పాత లుంగీ ముక్కతో మధ్యలోంచి అంచుకు తుడిచి, డాబా మీద చాప వేసి నీడలో ఆరబెట్టాను. మొత్తం పంతొమ్మిది. తర్వాత స్నేహితుడింట్లో వేసి చూస్తే పదహారు శుభ్రంగా ఆడాయి. నా కన్సోల్ మాత్రం చచ్చింది. అంటే డిస్కులు బతికాయి, వాటిని ఆడించేది పోయింది. అదే వారం ఫోన్‌లో చూసుకుంటే డిజిటల్‌గా కొన్నవన్నీ ఖాతాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క చుక్క తడి తగల్లేదు. ఆ రోజు ఎవరైనా డిస్కు గొప్పా డిజిటల్ గొప్పా అని అడిగి ఉంటే నేను నోరెత్తకపోయేవాణ్ణి.

నాన్న సంగతి వేరు. అడుగు అరలో ఉన్న ఆయన పాత కార్బన్ కాపీలు ఇటుకల్లా ముద్దకట్టాయి. వాటిని వదిలేశాడు. గుంటూరు ఇంటి దస్తావేజు ఒక్కటీ తీసి, పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు పెట్టి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాడు. సిరా చెదిరి, హద్దుల దగ్గర తూర్పు, దక్షిణం కలిసిపోయాయి. నేను టెన్షన్ పడుతుంటే ఆయన నిమ్మళంగా ఉన్నాడు. "ఇది పోతే ఇల్లు పోదురా. వాల్యూములో ఉంటుంది" అన్నాడు. నెల తిరక్కుండా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి ధృవీకరించిన నకలు తెచ్చుకున్నాడు.

అప్పటికి నాకు అర్థం కాలేదు గానీ, అసలు సంగతి అక్కడుంది. ఇంటి విషయంలో కాగితం తడిసినా హక్కు తడవదు. హక్కు వేరు, దాన్ని చూపించే వస్తువు వేరు. మన ఆటల దగ్గర వస్తువు మిగిలినా హక్కు పోతుంది. దానికి ఉదాహరణ రెండో సంఘటన, ప్రపంచమంతా చూసినదే.

యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ వాళ్ళు 2014 డిసెంబరులో 'ది క్రూ' అనే కార్ల ఆట విడుదల చేశారు. అమెరికా దేశాన్నంతా చిన్నది చేసి, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కారు నడుపుకుంటూ పోవచ్చు. ఒక్కడివే ఆడుకున్నా సరే ఇంటర్నెట్‌లో వాళ్ళ సర్వర్‌కి కలిసి ఉండాల్సిందే. 2023 డిసెంబరులో అమ్మకం ఆపేశారు. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. డిజిటల్‌గా కొన్నవాళ్ళకే కాదు, డబ్బు పెట్టి డిస్కు కొని బీరువాలో దాచుకున్నవాళ్ళకూ ఆట పోయింది. డిస్కు అలాగే ఉంది, గీత కూడా పడలేదు, పనికిరాదు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 అనే ఆటల మిషన్‌కి ఇంకో రకం కార్డులు వచ్చాయి. గేమ్-కీ కార్డులంటారు. చేతికి కార్డు వస్తుంది, అందులో ఆట ఉండదు, ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. డిస్కా డిజిటలా అన్న పేచీ ఇక్కడితో చెల్లిపోయింది. అడగాల్సింది ఒకటే: అమ్మినవాడు దుకాణం కట్టేసి వెళ్ళిపోయాక నేను కొన్నది నడుస్తుందా, నడవదా?

'ది క్రూ' మూతపడ్డాక రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అని ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లు ఎల్లకాలం నడపమని వాళ్ళు అడగలేదు. మూసేటప్పుడు ఆటను ఆడుకునే స్థితిలో వదిలి వెళ్ళండి, అంతే అన్నారు. యూరప్‌లో పౌరులు నేరుగా ప్రతిపాదన పెట్టే పద్ధతి ఒకటుంది, ఏడాదిలో 10 లక్షల సంతకాలు కావాలి. 2025 జులైలో, గడువు ముగియబోతుండగా, ఆ అంకె దాటింది. వీడియో గేముల కోసం పది లక్షల మంది సంతకాలు పెట్టారంటే మా పెద్దమ్మ "వాళ్ళకేం పని లేదా" అంది. పని ఉన్నవాళ్ళే, పెద్దమ్మా. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. సర్వర్లు ఊరికే నడవవు, కరెంటు బిల్లు ఉంటుంది, మనుషులుండాలి. పదేళ్ళయ్యాక నలుగురు ఆడే ఆటకోసం ఇవన్నీ ఎవరు భరిస్తారు? న్యాయమైన మాటే. కార్ల కంపెనీల దగ్గర, పాటల కంపెనీల దగ్గర తెచ్చుకున్న హక్కులకూ గడువుంటుంది. అందువల్లే 2018లో జీటీఏ 4 అనే ఆటలోంచి, అప్పటికే కొనుక్కున్నవాళ్ళ దగ్గర కూడా, అప్‌డేట్ పేరుతో చాలా పాటలు తీసేశారు. ఆ ఆటలో రష్యన్ పాటల రేడియో ఒకటుంది. అది మోగుతుండగా రాత్రిపూట వంతెన మీద టాక్సీ తోలితేనే ఆ ఆట. ఇల్లు అమ్మినాయన పదేళ్ళ తర్వాత వచ్చి, గుమ్మం టేకుది, ఆ వడ్రంగితో మా ఒప్పందం అయిపోయింది అని పీక్కుపోతే ఎలా ఉంటుంది?

ఖర్చు సంగతికొస్తే, కుదరదన్నది కుదురుతుందని యూబీసాఫ్టే చూపించింది. 'ది క్రూ 2'కి ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే పద్ధతి పెడతామని చెప్పి, 2025లో పెట్టింది. గొడవ కాకముందు లేని ఇంజనీర్లు గొడవయ్యాక దొరికారన్నమాట. జీఓజీ అనే దుకాణం ఎప్పటి నుంచో ఆటల ఇన్‌స్టాలర్ ఫైలే మన చేతికిచ్చేస్తోంది. ఒకసారి దించుకుంటే వాళ్ళున్నా లేకపోయినా మనకు ఆడుతుంది. పైరసీ పెరిగిపోతుందని భయపెట్టేవాళ్ళకు ఒకటే చెబుతాను, ఆ దుకాణం ఇంకా మూతపడలేదు.

పైరసీ మాట వచ్చింది కాబట్టి దాచడమెందుకు. మా తరానికి ఆటలు నేర్పింది దొంగ సీడీలే. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ ఎగ్గొట్టి నెట్ సెంటర్లో గంటకు 15 రూపాయలు కట్టి ఆడినవాటిలో ఒక్కటి కూడా అసలుది కాదు. అందులో రాజు ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. 2006 చివర్లో వచ్చింది. ఆ కంపెనీ తర్వాత కంప్యూటర్‌కి ఇంకో క్రికెట్ ఆట చేయలేదు. కానీ ఈ రోజుకీ మనవాళ్ళు దానికి కొత్త జెర్సీలు తొడుగుతున్నారు, కొత్త ఐపీఎల్ జట్లు ఎక్కిస్తున్నారు. దాదాపు ఇరవై ఏళ్ళు. ఎందుకు బతికిందీ అంటే, అది ఎవరి సర్వర్‌నీ అడగదు. ఫైలు మన దగ్గరుంది, మనం ఏం చేసుకున్నా అడిగేవాడు లేడు. నేను నిజాయితీగా డబ్బు కట్టి కొన్న 2017 క్రికెట్ ఆట చచ్చిపోయింది, దొంగతనంగా ఆడిన 2006 క్రికెట్ ఆట మా మేనల్లుడి లాప్‌టాప్‌లో ఆడుతోంది. దొంగతనాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ కొన్నవాడికంటే దోచుకున్నవాడికి గట్టి హక్కు దక్కే బజారులో నిజాయితీ నేర్పడం కష్టం.

దీంట్లో ఇంకొకటి కూడా పోయింది, సెకండ్ హ్యాండ్. బీసెంట్ రోడ్డు పక్క సందులో నేను వెళ్ళే గేముల కొట్టు ఒకటుంది. కొత్త డిస్కు నాలుగైదు వేలు. ఆడేసి నెలలో తిరిగిస్తే, గీతలు లేకపోతే, సగం దాకా ఇచ్చేవాడు. ఆ సగం మీద ఇంకొంచెం వేసి ఇంకోటి తెచ్చుకునేవాళ్ళం. అలా ఏడాదికి పది ఆటలు ఆడినా జేబుకి చిల్లు పడేది కాదు. డిస్కును బల్బు వెలుగులో ఏటవాలుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, అంచు నుంచి అంచుకు చూసేవాడు కొట్టాయన, కంసాలి గొలుసు చూసినట్టు. మొన్న వెళ్తే గోడంతా ఫోన్ కవర్లు, స్క్రీన్ గార్డులు. గేములు ఒక్క అరకు కుదించుకుపోయాయి. "డిస్కు పెట్టే చోటే లేకుండా మిషన్లు వస్తున్నాయి సార్. ఇక నా దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు. మామూలుగా టీ చెప్పేవాడు, ఆ రోజు చెప్పలేదు.

మనది పాతవి చేతులు మారే ఊరు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వరసలు లేకపోతే నా ఇంటర్ అయ్యేది కాదు. ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసుకున్న పుస్తకాలు, నాకంటే ముందు ఇద్దరు అండర్‌లైన్ చేసినవి. దానికి చట్టంలో చోటుంది కూడా. 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లో, ఒకసారి అమ్మిన ప్రతి అప్పటికే చలామణిలో ఉన్న ప్రతిగా లెక్క. తర్వాత దాన్ని ఎవరు ఎవరికి అమ్ముకున్నా రచయితకు, ప్రచురణకర్తకు సంబంధం ఉండదు. కిండిల్‌లో కొన్న పుస్తకానికి ఈ వైభోగం లేదు. 2009లో అమెజాన్ కొందరు కొనుక్కున్న పుస్తకాలను వాళ్ళ కిండిళ్ళలోంచే చెరిపేసింది. అమ్మినవాడికి హక్కులు లేవని తేలిందట. డబ్బు తిరిగిచ్చారు, అధిపతి క్షమాపణా చెప్పాడు. చెరిపేసిన పుస్తకాల్లో, పాత రాతల్ని ప్రభుత్వమే చెరిపేసే కథ, ఆర్వెల్ '1984' ఉండటం మాత్రం ఎవరో కావాలని చేసినట్టే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వెసులుబాటు కూడా తీసేశారు.

మనవాళ్ళకు ఇవన్నీ పట్టవు, మనకు ఇంత చైతన్యం లేదు అని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నేనొప్పుకోను. 2024 ఎన్నికల ముందు మన పల్లెల్లో అరుగుల మీద ఏం మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకోండి. భూమి హక్కుల చట్టం. 2022లో చేసింది, ఎన్నికల్లో అగ్గి రాజేసింది, ప్రభుత్వం మారాక 2024 జులైలో శాసనసభ రద్దు చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టను, మా ఇంట్లోనే దాని మీద రెండు పార్టీలు. నాకు గుర్తున్నది ఆ ప్రశ్నలు. ఒరిజినల్ నా దగ్గర ఉంటుందా, జిరాక్స్ ఇస్తారా? కంప్యూటర్లో నా పేరు ఎవరైనా మారిస్తే నాకెలా తెలుస్తుంది? పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలి? స్మార్ట్‌ఫోన్ సరిగ్గా పట్టుకోవడం రాని ముసలాయన అడిగిన ప్రశ్నలివి. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తూ నేను నా ఖాతా గురించి ఒక్కటీ అడగలేదు.

ప్రభుత్వం దగ్గర 'గేమింగ్' అనే మాటకు అర్థమే వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంది. రమ్మీ యాప్‌లలో కొంపలు ముంచుకున్నవాళ్ళను చూశాం కాబట్టి దానికి నాకు అభ్యంతరం లేదు, మన రాష్ట్రమైతే 2020లోనే ఆ పని మొదలుపెట్టింది. కానీ పేపర్లో, టీవీలో, అసెంబ్లీలో గేమ్ అంటే పేకాటకు చెల్లెలే. షాపులో 4,000 పెట్టి ఆట కొన్నవాడు ఎవరి లెక్కలోనూ లేడు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు, ఆటలో డబ్బు పెట్టి కొనుక్కున్న చొక్కాలూ తుపాకీ రంగులూ ఏమవుతాయని హాస్టల్ కుర్రాళ్ళు అడిగితే పెద్దవాళ్ళం నవ్వాం. దేశ భద్రత ముందు ఆ ప్రశ్న చిన్నదే కావచ్చు. ప్రశ్న మాత్రం తప్పు కాదు.

ఇదంతా అయ్యాక నేను చేసింది చాలా చిన్న పని. జీఓజీలో నాకిష్టమైన నాలుగు పాత ఆటలు కొన్నాను, ఇన్‌స్టాలర్లు దించి ఒక హార్డ్ డిస్కులో వేశాను. ఎక్కడ పెట్టాలని వెతుకుతుంటే నాన్న బీరువా తీసి, పై అర చూపించాడు. వరద తర్వాత ముఖ్యమైనవన్నీ పై అరకు ఎక్కాయి. ఇంటి నకలు పక్కన చోటు చేశాడు. తర్వాత తెల్లకాగితం ముక్క చించి, పెన్ను తీసి ఆగాడు.

"ఇది అసలా, నకలా?"

"ఫైళ్ళకు ఆ తేడా ఉండదు నాన్నా. రెండూ ఒకటే."

"అదెలా కుదురుతుందిరా? అసలు ఒకటి ఎక్కడో ఉండాలిగా."

నా దగ్గర జవాబు లేదు. కాసేపు చూసి, తన గుండ్రటి చేతిరాతలో 'నకలు' అని రాసి, కింద తేదీ వేసి, హార్డ్ డిస్కుకి రబ్బరు బ్యాండుతో చుట్టాడు.